మూత కింద చీటీ

పోయిన సోమవారం మధ్యాహ్నం మా దుకాణంలో ఫ్యాను ఆగిపోయింది.

ఆ ఫ్యాను సామాన్యమైనది కాదు. ఒకప్పుడు నాంపల్లి స్టేషన్‌లో ఒక నవాబుగారి సొంత రైలుపెట్టెలో తిరిగింది. మొదటిసారి స్విచ్ వేసిననాడు నవాబుగారి తలపాగా లేచి, కిటికీలోంచి ఎగిరిపోయి, ఎక్కడో ఒక చింతకొమ్మకు తగులుకుంది. దాన్ని దించడానికి ఎక్కిన నౌకరు, అంతదూరం వస్తున్న ఫ్యాను గాలికి అక్కడే కునుకు తీసి, మూడు రోజులు కిందికి దిగలేదు.

ఇది నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాట. నిజానికి ఆ ఫ్యానును మా నాన్న కోఠిలో పాతసామాన్లవాడి దగ్గర కొన్నాడు. కానీ మాది ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు పోయే ఒక సందులో రబ్బరు స్టాంపుల దుకాణం. స్టాంపు తయారయ్యేదాకా గిరాకీ కదలకుండా కూర్చోవాలి. కూర్చోబెట్టాలంటే ఒక ఫ్యానూ ఒక కథా కావాలి. మా దుకాణంలో రెండూ ఒకటే.

ఫ్యాను దించి భుజాన వేసుకుని, సందు చివర, కాలిన మోటార్లకు తీగ చుట్టే, వాళ్ల మాటలో ‘కట్టే’, వైండింగ్ దుకాణానికి నడిచాను. మెట్లు ఎక్కుతూ అలవాటుకొద్దీ ఎడమవైపు చూశాను. కిటికీ పక్కన పీట ఉంది. పీట ముందు తీగ చుట్టే చేతి మెషిను ఉంది. దాని పక్కన రెండు స్టీలు గిన్నెలు, ఒకదాని నిండా చింతగింజలు. పీట మీద మనిషి లేదు. పోయిన వానాకాలం నుంచీ లేదు.

ఆమె పేరు రాయను. రాయకపోవడానికి కారణం ఆమే. ఒకసారి నా కథ ఒకటి పూర్తిగా విని, మెల్లగా అంది:

“తమ్మీ, నువ్వేమన్న చెప్పుకో. నవాబును చెట్టెక్కియ్, ఏనుగును చెట్టెక్కియ్. నా పేరు పెట్టి మాత్రం ఒక్క అబద్ధం గూడ చెప్పకు.”

నేను రాసేదాంట్లో ఎక్కడో ఒకచోట నా చెయ్యి జారుతుందని నాకు తెలుసు. అందుకని పేరు వదిలేసి మిగిలింది రాస్తున్నాను. నాకు ఆమె అక్క. దుకాణంలో వాళ్లకు సేఠ్.

ఆడమనిషి సేఠ్ ఎట్లా అయిందంటే, అక్కడ అందరూ సేఠ్‌లే. ఆ దుకాణం మొదట్లో ఒక పెద్దమనిషిది. మోకాళ్లు పట్టేసి, మెట్లు ఎక్కలేక, అమ్మేస్తానన్నాడు. చీరల షోరూమువాళ్లు వచ్చి గోడలు కొలుచుకుని పోయారు. అప్పుడు లోపల పనిచేసే ఏడుగురూ ఒకటై, ఉన్నదంతా ఊడ్చి, దుకాణాన్ని తామే తీసుకున్నారు. తలా ఒక వాటా. ఎవరికీ ఒకటిన్నర లేదు. అందులో నలుగురు పనివాళ్లు అంతకుముందు ఏనాడూ దుకాణం తాళంచెవి ముట్టుకున్నవాళ్లు కాదు.

మర్నాడు స్టాంపు కోసం నా దగ్గరికి వచ్చారు. ‘యజమాని’ అని చెక్కాలి. ఒక్కటే స్టాంపయితే ఎవరి జేబులో ఉండాలన్నది గొడవ. బేరింగులు మార్చే బక్కపలచటి మనిషి, అతన్ని అందరూ బేరింగ్ సేఠ్ అంటారు, తన దగ్గరుంటే భద్రమని వాదిస్తున్నాడు. అక్క అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఏడు చెయ్యి తమ్మీ,” అంది. “పంచాయితీ వొడుస్తది.”

ఒకే దుకాణానికి ఒకేరోజు ఏడు యజమాని స్టాంపులు అమ్మినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఇది కథ కాదు. ఆ అచ్చు ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

ఆనాటి నుంచి అక్కడ తమాషా చూడాలి. కొత్త గిరాకీ ఎవరైనా మెట్టు మీద నిలబడి “సేఠ్ ఉన్నడా?” అంటే ఏడు తలలు ఒక్కసారి లేచి “ఏంది?” అనేవి. పాపం ఆ మనిషి ఒక మెట్టు దిగేవాడు. వాళ్లలో వాళ్లు కూడా అదే పిలుపు. పొద్దున్నే తలుపు తీయగానే మొదటి మాట: “ఇయ్యాల చీపురు సేఠ్ ఎవలు?” వంతు వచ్చిన సేఠ్ ఊడ్చేవాడు. మిగిలిన సేఠ్‌లు కాళ్లు పైకెత్తి కూర్చునేవారు.

దుకాణం తమదైన రోజు సాయంత్రం అందరూ కలిసి మొజంజాహీ మార్కెట్‌కు పోయి ఐస్‌క్రీమ్ తిన్నారు. నన్నూ తీసుకుపోయారు. అక్క చివరిదాకా నిదానంగా తిని, చెక్క చెంచాను కొంగుతో తుడిచి, దాచుకుంది. జ్ఞాపకార్థం అనుకున్నాను. కాదు. మర్నాడు మోటారు లోపల తీగ కూర్చునే గాళ్లలో కాగితం అదమడానికి దాన్నే వాడుతోంది. “దీని లెక్క పనిముట్టు ఏడ దొరుకుతది?” అంది. పన్నెండేళ్లు వాడింది.

మెదక్ దగ్గర మిషన్ బడిలో చదువుకున్న మనిషి. దస్తూరీ అచ్చు గుద్దినట్టుండేది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు పీటకు. తీగ చుట్టేటప్పుడు కుడిచెయ్యి మెషిను తిప్పేది, ఎడమచెయ్యి గింజలు జరిపేది. వంద చుట్లకు ఒక గింజ, ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి. మెషినుకు లెక్కపెట్టే ముల్లు ఉంది గానీ అది ఏనాడో విరిగింది. ఊరందరి మోటార్లూ బాగుచేసేవాళ్లు దాన్ని మాత్రం బాగుచేయలేదు. ఎందుకని అడిగితే, “ముల్లుకెరికయింది ముల్లుకే ఉంటది. నాకెరిక గావాలె గదా,” అంది. గింజలు ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చుకునేది. దుకాణాల ముందు సంచీల కింద రాలినవి ఏరుకుని, కడిగి, ఎండబెట్టి. పుచ్చుగింజ ఉంటే పక్కన పడేసేది. “పుచ్చుదానికి వంద చుట్లు అప్పజెప్పొద్దు.”

లెక్కలో ఉన్నప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే నోరు తెరిచేది కాదు. రెండు వేళ్ల మధ్య గింజ పట్టుకుని, ఎడమ అరచేయి మన మొహానికి అడ్డంగా పెట్టేది. ఆ అరచేయి ముందు పోలీసు జమేదారు కూడా ఆగడం నేను కళ్లారా చూశాను. (జమేదారు సంగతి కొంచెం అటూఇటూ. అరచేయి మాత్రం నిజం.)

ఆ అరచేతిని ఓడించాలని నాకు ఉండేది. మా ఫ్యాను రెండోసారి కాలినప్పుడు అవకాశం వచ్చింది. ఆమె దానికే తీగ చుడుతుంటే, ఎదురుగా మెట్టు మీద కూర్చుని నవాబు కథ మొదలుపెట్టాను. అరచేయి లేచింది. నేను ఆగలేదు. తలపాగా ఎగిరింది. నౌకరు చెట్టెక్కాడు. మామూలుగా కథ అక్కడితో అయిపోవాలి. ఆరోజు పొడిగించాను. నౌకరు దిగకపోయేసరికి అతని భార్య కింద నిలబడి అన్నం గిన్నె పైకి విసరడం మొదలుపెట్టింది. మూడోరోజుకు ఆమె విసురు ఎంత కుదిరిందంటే, నవాబుగారు ఆమెను ఫిరంగి దళంలో చేర్చుకున్నాడు.

అక్క భుజాలు కదిలాయి. పెదవులు బిగించింది. లాభం లేకపోయింది. నవ్వు తన్నుకొచ్చి, మెషిను వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వయ్యాక గిన్నెల వంక చూసింది.

“తమ్మీ, ఆఖరి గింజ జరిపిన్నా?”

“నాకేమెరుకక్కా?”

“అయితే ఇప్పు.”

అక్కడి కట్టుబాటు అది. ఎవరివల్ల లెక్క తప్పితే వాళ్లే తీగ మొత్తం విప్పాలి. మధ్యాహ్నమంతా ఆ సన్నటి రాగితీగ విప్పుతూ కూర్చున్నాను. అడ్డదిడ్డంగా లాగితే మెలి పడుతుంది. మెలి పడితే అక్క చూపు పడుతుంది. వేళ్లు ఎర్రగా కందాయి. విప్పాక ఆమె మళ్లీ మొదటి నుంచి చుట్టింది. అన్నీ అయ్యాక ఒక చిన్న కాగితం ముక్క కత్తిరించి, పెన్సిల్‌తో ఏదో రాసి, మోటారు మూత కింద పెట్టి మూసింది.

“ఏందది?”

“చీటీ. ఎవలు కట్టిన్రు, ఎన్నోసారి కట్టిన్రు. రేపు ఇప్పేటోళ్లకు తెల్వద్దా?”

“పెన్సిల్ ఎందుకు?”

“సిరా వార్నిష్‌ల కర్గుతది. పెన్సిల్ కర్గదు.”

ఆమె చుట్టిన ప్రతి ఫ్యానులోనూ చీటీ ఉండేది. పాత చీటీ ఉంటే దాన్ని తీసేయకుండా దాని మీదనే కొత్తది పెట్టేది. లెక్కతో పాటు ఒక్క ముక్క కూడా రాసేది. ‘ఇంట్ల పసిపిల్ల ఉన్నది. జల్ది ఇచ్చిన.’ ‘రెక్క వంకర. చెప్పిన, ఇనలే.’ మాదాంట్లో ఏం రాసిందో చదివి వినిపించింది: ‘రెండోసారి. ముచ్చట వెట్టి నవ్విచ్చిండు. ఇప్పి మల్ల కట్టిన.’

రోజులు అట్లాగే నడిస్తే ఇది రాసే పని ఉండేది కాదు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లు వచ్చాయి. వాటిలో కాలేది తీగ కాదు, చెడేది లోపలి చిన్న సర్క్యూట్ బోర్డు. దాన్ని బాగుచేయడం ఈ ఏడుగురిలో ఎవరికీ రాదు. జనం పాతవి పారేస్తున్నారు, కొత్తవి చెడితే వాటినీ పారేస్తున్నారు. ఏడు తలలు లేచి “ఏంది?” అనడం వారానికి రెండుసార్లకు వచ్చింది. బోర్డులు పరీక్షించే బల్ల కావాలి, నేర్పే మనిషి కావాలి. లేకపోతే చీరల షోరూమువాళ్లు మళ్లీ టేపు పట్టుకుని వస్తారు. ఏడుగురు సేఠ్‌లూ ఏడుచోట్ల కూలికి పోవాలి.

బేరింగ్ సేఠ్ ఎక్కడో ఒక మాట విని వచ్చాడు. గాలికీ నీళ్లకూ చెరుపు చేయని పనుల్లో, అందులోనూ పనిచేసేవాళ్లే యజమానులుగా ఉన్నచోట, పెట్టుబడి పెట్టే ఫండు ఒకటి ఉందట. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి. రాసేవాడెవడు? నేనే.

నేనెట్లా రాస్తానో మీకు తెలిసే ఉంటుంది. ఒక్క ఫ్యాను చుడితే ఒక అడవి నిలుస్తుందన్నాను. మా సందు మీద మబ్బులు మిగతా ఊరి కంటే చల్లగా ఉంటాయన్నాను. ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే హుస్సేన్‌సాగర్‌లో మల్లెపూలు పూసేవి. కాగితం అయిపోయింది.

“ఏం రాసినవ్ తమ్మీ?” అని అడిగింది అక్క.

“మంచిగనే రాసినక్కా.”

“నా పేరున్నదా?”

“లేదు.”

“మంచిది,” అని పనిలో పడిపోయింది.

ఫండు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, చేతిలో గుడ్డసంచి, మాటలో మర్యాద. మెట్టు మీద నిలబడి, “ఇక్కడ ఓనర్ ఎవరండీ?” అంది. ఏడు చేతులు లేచాయి. ఆమె గట్టిగా నవ్వింది. బేరింగ్ సేఠ్ నావైపు చూసి కన్ను కొట్టాడు, పని అయిపోయినట్టే అని.

అక్క ఒక కాలిన మోటారు తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టింది.

“ఇప్పు బిడ్డా.”

“నేనా?”

“ఔ. ఇండ్ల చెయ్యి వెట్టేటోళ్లు ముందుగాల కాలిందాన్ని ఒకటి ఇప్పాలె. గీ వాసన తెల్వకుంట గీ పనేం తెలుస్తది?”

కాలిన వార్నిష్ వాసన ముక్కులోకి పోతే రెండు రోజులు అన్నంలో కూడా అదే వస్తుంది. ఆ పిల్ల మొహం చిట్లించుకుంది గానీ, కూర్చుని మూత ఊడదీసింది. లోపల నాలుగు చీటీలు. ఒక్కొక్కటే చదివి, మొహం వెలిగిపోయి, “నాలుగుసార్లు! ఒకే ఫ్యానును నాలుగుసార్లు బతికించారా? మీ దరఖాస్తులో రాసింది నిజమేనన్నమాట,” అంది.

బేరింగ్ సేఠ్ ఛాతీ పెరిగింది. నాదీ పెరిగింది.

“నాలుగుసార్లు గాదు బిడ్డా,” అంది అక్క. “రెండుసార్లు దాన్ని బతికిచ్చినం. ఆ తర్వాత రెండుసార్లు మేం బతికెతందుకు కట్టినం.”

“అంటే?”

“కాలిన ఇనుము మల్ల మల్ల కాల్తే దాని దమ్ము పోతది. గంతే గాలికి ఎక్కువ కరెంటు తాగుతది. గిప్పుడొచ్చే కొత్తరకం దీంట్ల సగం గూడ తాగయి. గిరాకి కట్టుమన్నడు, మాకు పని గావాలె, కట్టినం. గా కరెంటు ఏడికెళ్లొస్తది? బొగ్గు కాలిస్తె వస్తది. నేనీడ కూసోని అడవులు కాపాడ్తలేను.”

“మరి ఈ కాగితంలో...”

“కాయిదం తమ్మి రాసిండు. కథలు మస్తు చెప్తడు.”

అందరూ నావైపు చూశారు. నేను పైన తిరిగే ఫ్యాను వైపు చూశాను.

అక్క ఆగలేదు. “బల్ల ఇప్పిస్తె కొత్తరకం బాగుచేసుడు నేర్సుకుంటం. గవి చెడిపోతె చెత్తల ఏస్తున్నరు, గవి నిలవెడ్తం. పాతయి రెండుసార్ల కంటె ఎక్కువ కట్టం. గంతే మాతోని అయ్యేది.”

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో చాలాసేపు రాసుకుంది. నమస్కారం పెట్టి వెళ్లింది. ఆమె సందు మలుపు తిరగ్గానే బేరింగ్ సేఠ్ చేతిలో స్పానర్ నేలకు కొట్టాడు.

“నోటికాడి బుక్కను తన్నినవ్ గదక్కా! అడిగిందా ఆ పిల్ల? నిన్నడిగిందా?”

“అడగకముందుకే చెప్పాలె గదా.”

“ఏడిళ్ల పొయ్యిల మీద నీళ్లు వోసినవ్.”

పది రోజులకు ఫండు పెద్దల ఉత్తరం వచ్చింది. చదివింది నేనే. ‘మళ్లీ రావద్దని తన గిరాకీకే చెప్పే దుకాణం ఎట్లా పెరుగుతుందో మాకు అర్థం కాలేదు’ అన్నది దాని సారం. అక్క విని, “గట్లన్నరా? సక్కగనే అన్నరు,” అంది.

ఆ తర్వాత వాళ్లు ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. అంతకంటే పెద్దపని చేశారు. సేఠ్ అని పిలవడం మానేశారు.

“అమ్మా, మీరు కూసోండ్రి.” “అమ్మా, మీకెందుకు తిప్పలు.” అంత మర్యాద నేను ఏ దవాఖానలో చావుబతుకుల్లో ఉన్న మనిషికి కూడా జరగడం చూడలేదు. అక్క పొద్దున అందరికంటే ముందు వచ్చి, తన వంతు కాకపోయినా దుకాణమంతా ఊడ్చి కూర్చునేది. “చీపురు సేఠ్ ఎవలు?” అని అడిగే పని వాళ్లకు లేకుండా చేసింది. రోజూ ఆ చీపురు చప్పుడు సందు దాటి నా దుకాణందాకా వినిపించేది. స్టాంపు చెక్కుతూ రెండుసార్లు వేలు కోసుకున్నాను. తప్పుడు కాగితం రాసింది నేను, శిక్ష ఆమెది.

ఆరోరోజు నా దుకాణానికి తాళం వేసి సందులోకి దిగాను. ఒక్కో గడపా ఎక్కి జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఫ్యాన్ల దుకాణం మునిగిపోతోంది, బల్ల కావాలి, మనం తలా కొంత వేద్దాం అని. జీవితంలో మొదటిసారి నిజం చెబుతున్నాను. ఒక్కడు నమ్మలేదు. దర్జీ నవ్వాడు. పళ్లరసం వాడు “తర్వాతేమయిందన్నా, నవాబు వచ్చిండా?” అన్నాడు.

చివరికి మూలమీది చాయ్ హోటల్‌కు పోయి కూలబడ్డాను. కౌంటర్ మీది చాచా మా నాన్నకు దోస్తు. మొత్తం విని, చాయ్ సాసర్‌లోకి వంపుకున్నాడు.

“అరె మియా, ఇండ్ల నవాబేడి?”

“లేడు చాచా.”

“తలపాగ?”

“లేదు.”

“ఏనుగు, ఫిరంగి, కుచ్ బీ?”

“ఏం లేవు.”

సాసర్ ఊది, ఒక గుటక వేసి, నన్ను పైనుంచి కిందికి చూశాడు. “గంత చప్పగ ఉన్నదంటె నిజమే అయ్యుంటది. చలో, నా తరఫున రాస్కో. నీ మాట మీద కాదు బేటా. నా హోటల్ల ఉన్న తొమ్మిది ఫ్యాన్లకు చీటీలు వెట్టింది ఆమె.”

చాచా వేశాడంటే సందు వేసింది. చాచా ఎందుకు వేశాడో చెబితే దర్జీకి తన ఫ్యానులోని చీటీ గుర్తొచ్చింది, పళ్లరసం వాడికి తన మిక్సీ గుర్తొచ్చింది. అందరం కలిసి పోతే అక్క సంతోషిస్తుందనుకున్నాం. ఆమె షరతులు పెట్టింది.

“పైసలు వెట్టినోళ్లు ఫ్యాను కింద కూసోవచ్చు. పీట మీద గాదు. మాట ఏడుగురిదే. ఇంకోటి. తలా ఒక కాలిన మోటరు ఇప్పాలె.”

ఆ వారం మా సందును చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దర్జీ, పళ్లరసం వాడు, చాచా, నేను, వరసగా మెట్ల మీద కూర్చుని ముక్కుకు రుమాళ్లు కట్టుకుని రాగితీగ విప్పుతున్నాం. దారినపోయేవాడు ఏం జరుగుతోందని అడిగితే చాచా, “పెట్టుబడి వెడుతున్నం,” అన్నాడు. శనివారం నాడు ఆ ఫండు అమ్మాయి కూడా వచ్చింది. ఫండు తరఫున కాదు, తన తరఫున. “నేను అప్పుడే విప్పాను కదండీ,” అంది. “గది సగంల లేచినవ్,” అని అక్క ఇంకోటి ఇచ్చింది.

బల్ల వచ్చిన రోజు పొద్దున అక్క చీపురు పట్టుకోగానే బేరింగ్ సేఠ్ గబగబా వచ్చి దాన్ని లాక్కున్నాడు. మొహం మాత్రం వేరేవైపు పెట్టుకున్నాడు.

“ఇయ్యాల నీ వంతు కాదు సేఠ్. నాది.”

అక్క చీపురు వదిలేసి, పీట మీద కూర్చుని, గింజలు పుచ్చువేవో చూడటం మొదలుపెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఆ గిన్నెలో ఒక్క పుచ్చుగింజ కూడా లేదని నాకు తెలుసు.

‘మూడోసారి కట్టం’ అని గోడకు పెట్టే మాటకూ రశీదుల మీద వేసే స్టాంపుకూ అక్షరాలు నేనే చెక్కాను. అంత పెద్దవయసులో భూతద్దం కళ్లకు కట్టుకుని అక్క బోర్డులు బాగుచేయడం నేర్చుకుంది. కొత్త ఫ్యాన్లలోనూ చీటీలు పెట్టింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా ఫ్యాను మూడోసారి కాలింది. దుకాణమంతా పొగ. కట్టుబాటు ప్రకారం దాన్ని చుట్టకూడదు. ఆ స్టాంపు చెక్కినవాణ్ణి నేనే. కానీ నవాబుగారి ఫ్యాను లేకపోతే నా దుకాణంలో ఏముంది? ఏదో దుకాణం నుంచి తెచ్చిన తెల్లటి కొత్త ఫ్యాను కింద నవాబు తలపాగా ఎట్లా ఎగురుతుంది? అంత పొగ వచ్చింది కదా, లోపలి చీటీలు బూడిదై ఉంటాయని లెక్క వేసుకుని, భుజాన వేసుకుని పోయాను.

“ఎన్నోసారి తమ్మీ?” అంది అక్క.

“రెండోసారి.”

“రెండోసారేనా?”

“ఔనక్కా.”

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. “సరే, వెట్టిపో. రేపు రా,” అంది. మర్నాడు ఫ్యాను తిరిగింది.

ఆమెను నేను గెలిచిన రోజది. అబద్ధం వాసన పదడుగుల దూరంలో పట్టే మనిషిని, ఎదురుగా నిలబడి, ఒక్క మాటతో మోసం చేశాను. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయాక మాత్రం చెప్పుకుంటున్నాను. ఆమెను సాగనంపిన రోజు, చర్చిలో ప్రార్థన అయ్యాక బయట చెట్టు కింద ఆరుగురు సేఠ్‌లూ తలలు వంచుకుని నిలబడి ఉంటే, ఏదో ఒకటి చెప్పి వాళ్ల మొహాలు తేటపరచాలని ఆ కథే చెప్పాను. వాళ్లు నవ్వారు. నా కథలన్నిటిలో నాకు ఇష్టమైనది అది, ఎందుకంటే అది నిజం.

మళ్లీ పోయిన సోమవారానికి వస్తాను. ఫ్యాను బల్ల మీద పెట్టగానే బేరింగ్ సేఠ్ కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఎన్నోసారి అన్నా?”

“మూడుసార్లు కట్టిన్రు. ఇది నాలుగోది.”

“నువ్వు చెప్తె నమ్మాల్నా? ఇప్పి చూస్త.”

మూత తీశాడు. లోపల చీటీలు భద్రంగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. అట్టడుగుది అంచులు నల్లబడింది గానీ అక్షరాలు పోలేదు. మొదటిసారి. దాని మీద రెండోది, ముచ్చట వెట్టి నవ్విచ్చిండు అన్నది. అన్నిటికంటే పైన మూడోది. బేరింగ్ సేఠ్ దాన్ని చదివి, నా చేతికిచ్చాడు.

అచ్చు గుద్దినట్టు అదే దస్తూరీ. పెన్సిల్ కరగదు.

‘మూడోసారి. రెండోసారి అని చెప్పిండు. ఎరికుండే కట్టిన.’

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడిళ్ల పొయ్యిల మీద నీళ్లు పడినా ఒక్క అబద్ధం ఒప్పుకోని మనిషి. దానికోసం సేఠ్ అన్న పిలుపు పోగొట్టుకుని, వంతు కాకున్నా ఊడ్చిన మనిషి. నవాబు తలపాగా కోసం, తను పెట్టిన కట్టుబాటును తనే తప్పింది. తప్పి, దాచలేదు. రేపు విప్పేవాళ్లకు తెలియాలి కదా అని రాసి పెట్టింది.

“ఇగ దీన్ని కట్టం అన్నా,” అన్నాడు బేరింగ్ సేఠ్ మెత్తగా.

“ఔ. కట్టొద్దు.”

“ఇప్పుతవా?”

మోటారు ఒళ్లో పెట్టుకున్నాను. అతను లోపలికి పోయి, ఆ రెండు గిన్నెలూ తెచ్చి నా పక్కన పెట్టాడు. తీగ కొస పట్టుకుని లాగాను. ఎక్కడా మెలి లేదు. కాలిన వాసన లేచింది. చుట్లు లెక్కపెడుతూ, వందకు ఒక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి జరుపుతున్నాను. మధ్యలో ఒక గిరాకీ మెట్టెక్కి, “అన్నా, గిది నవాబు ఫ్యానే గదా? దాని కథేందో జర చెప్పవా?” అన్నాడు.

నేను తల ఎత్తలేదు. రెండు వేళ్ల మధ్య గింజ పట్టుకుని, ఎడమ అరచేయి అతని మొహానికి అడ్డంగా పెట్టాను.